ఐసుబావగారి వెచ్చని దేశం

ఆయనకు ఆ పేరు పెట్టింది స్వయానా బావమరిది. పెళ్ళయిన కొత్తలో అక్కను చూడటానికి వచ్చి, బావగారితో చెయ్యి కలిపి, "అమ్మో, ఐసు!" అని ఠక్కున వదిలేశాడు. ఆ రోజు నుంచి చుట్టాలందరికీ ఆయన ఐసుబావగారు. వరసకు బావ కానివాళ్ళు కూడా అలాగే పిలిచేవారు. ఆఖరికి కన్నకూతురు సైతం స్నేహితురాళ్ళ దగ్గర, "సినిమాకా? మా ఐసుబావగారు ఒప్పుకోవాలిగా!" అనేది.

పేరులో అబద్ధమేమీ లేదు. ఆయన ఉద్యోగం కోల్డ్ స్టోరేజీలో. అదీ కూరగాయలూ పళ్ళూ దాచే మామూలు చల్లగది కాదు. చేపలు, మాంసం, ఐస్‌క్రీం డబ్బాలు గడ్డకట్టించి ఉంచే మూడో నంబరు గది. సున్నాకు పద్దెనిమిది డిగ్రీలు కింద. పెట్టెల మీద తేదీలు రాసే పనిలో చేరి, సూపర్‌వైజరుగా బయటికి వచ్చేసరికి ముప్ఫయ్యొక్క ఏళ్ళు గడిచాయి. రోడ్డు మీద తారు కరిగే ఎండల్లో కూడా ఆయన మంకీ టోపీ పెట్టుకుని, రెండు స్వెట్టర్ల మీద దళసరి కోటు తగిలించుకుని లోపలికి వెళ్ళేవారు. కనుబొమ్మల మీద తెల్లటి మంచుపొడితో బయటికి వచ్చేవారు. ఇంటికొచ్చినా ఆ చలి ఒంట్లోంచి దిగేది కాదు. ఎవరైనా ఫ్యాను వేస్తే లేచి ఆపేవారు. ఫ్రిజ్ తలుపు తీస్తే రెండడుగులు వెనక్కి వేసేవారు. ఇంటికొచ్చిన చుట్టాలు ఉక్కకు తట్టుకోలేక పేపరు మడిచి విసురుకుంటుంటే, "గాలి బాగానే ఆడుతోందే!" అని ఆశ్చర్యపోయేవారు.

భార్య పోస్టాఫీసు కౌంటర్లో పనిచేసి ఆయనకంటే ఏడాది ముందు రిటైరయింది. వీధి వీధంతా ఆవిణ్ణి స్టాంపులమ్మ అనేవారు. కిటికీ అవతల మనిషి ఏ యాసలో గొణిగినా, ఎంత కోడిగీతల రాతలో అడ్రసు రాసినా ఆవిడకు ఇట్టే తెలిసిపోయేది. మాటకంటే ముందు మొహం చదవడం ఆవిడకు అలవాటు. మొగుడి మొహమైతే చదవాల్సిన పని కూడా లేదు, కంఠతా వచ్చు.

అందుకే రిటైరైన నాలుగో రోజు ఆయన కాఫీ గ్లాసు రెండు చేతుల్లో పట్టుకుని గోడ వంక చూస్తూ కూర్చుంటే, ఏదో కొంప మునిగే ఆలోచన నడుస్తోందని ఆవిడ పసిగట్టింది.

"చెప్పండి."

"ఏం లేదు."

"లేకపోతే కాఫీ చల్లారేదాకా ఊరుకునే మనిషి కారు మీరు. చెప్పండి."

ఆయన గొంతు సవరించుకున్నారు. పదేళ్ళ కిందట మూడో నంబరు గది కంప్రెసరు మొరాయిస్తే, దాన్ని బాగుచేయడానికి విదేశం నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. నాలుగు రోజులు ఉన్నాడు. టీ తాగుతూ వాళ్ళ దేశం గురించి చెప్పాడు. సముద్రం ఒడ్డున చిన్న దేశం. పన్నెండు నెలలూ వెచ్చగానే ఉంటుంది. దేశమంతా ఇంగ్లీషే మాట్లాడతారు. "మా ఇంట్లో దుప్పటి అనేదే లేదు" అన్నాడు ఆ ఇంజనీరు. ఆ ఒక్క మాట ఐసుబావగారి చెవిలో పదేళ్ళుగా మోగుతూనే ఉంది. రిటైరైనవాళ్ళు పింఛను చూపిస్తే అక్కడ ఉండనిస్తారట కూడా.

"అక్కడికి వెళ్ళి ఉందాం," అన్నారు.

"ఎన్నాళ్ళు?"

"ఉందాం అంటున్నాను కదా. ఉండటమే."

స్టాంపులమ్మ పకపకా నవ్వింది. ఆయన నవ్వలేదు. దాంతో ఆవిడ నవ్వు సగంలో ఆగింది.

"భాష కూడా సమస్య లేదు. ఇంగ్లీషేగా," అన్నారాయన ధైర్యంగా.

"మీకొచ్చిన ఇంగ్లీషంతా కంప్రెసరు మీద రాసి ఉన్నదేగా!"

అది నిజం. ఆయన ఇంగ్లీషు నేర్చుకున్నది యంత్రాల పుస్తకాల నుంచి, గోడల మీది హెచ్చరికల నుంచి. ఆయనకు బాగా వచ్చిన పూర్తి వాక్యం ఒకటే: "ద డోర్ షల్ రిమైన్ క్లోజ్డ్." అది ఎంత గంభీరంగా పలికేవారంటే, చిన్నప్పుడు కూతురు దాన్ని ప్రార్థన అనుకునేది.

ఆ కూతురు ఇప్పుడు అదే ఊళ్ళో, నాలుగు వీధుల అవతల కాపురం ఉంటోంది. సంగతి విని పరుగెత్తుకొచ్చింది. "లోకంలో పిల్లలు ఎగిరిపోతారు, మా ఇంట్లో అమ్మానాన్నలు ఎగిరిపోతున్నారు! అడిగితే నేనేం చెప్పుకోవాలి? మా వాళ్ళు నన్ను వదిలేసి ఫారిన్‌లో స్థిరపడ్డారనా?" అని దెప్పింది. అల్లుడు మాత్రం మామగారి వంక ఏదో కొత్త గౌరవంతో చూశాడు. బావమరిది ఫోన్లో అడిగాడు: "అక్కా, బావ అక్కడ కరిగిపోతే ఎందులో పట్టుకొస్తావే? బిందె సరిపోతుందా?"

స్టాంపులమ్మకు వెళ్ళాలని లేదు. కానీ ఆయన ముప్ఫయ్యొక్క ఏళ్ళలో తనకోసం అడిగిన మొదటి కోరిక ఇది. ఈ లెక్క ఆవిడ ఆయనతో అనలేదు. "ఒక ఏడాది. నచ్చకపోతే తిరుగు టపా," అంది.

అనుమతి కోసం ఆ దేశం ఆఫీసులో దరఖాస్తు పెట్టారు. ఎందుకు వస్తున్నారు అన్నచోట ఐసుబావగారు ఒకే ఒక్క మాట, ఇంగ్లీషులో, పెద్ద అక్షరాలతో రాశారు: వెచ్చదనం. అది చూసిన ఆఫీసరమ్మ కళ్ళజోడు పైకి నెట్టి, "మీరు ఏం పని చేసేవారు?" అని అడిగింది. ఆయన లేచి నిలబడి, "మైనస్ ఎయిటీన్ మేడమ్. థర్టీ వన్ ఇయర్స్," అన్నారు. ఆవిడ ఇంకేమీ అడగలేదు. ముద్ర వేసి, పాస్‌పోర్టు ఇచ్చేటప్పుడు ఆయన వేళ్ళు తగిలితే మాత్రం ఉలిక్కిపడింది.

అక్కడ వాళ్ళకు దొరికిన ఇల్లు రెండు గదుల రేకుల ఇల్లు. ముందు మూడు మెట్లు, మెట్ల కింద ఇసుక, ఇసుక దాటితే రోడ్డు, రోడ్డు దాటితే సముద్రం. ఇంటావిడ రిటైరైన నర్సు. పక్క వాటాలో ఒక్కతే ఉంటుంది. మొదటి వారం ఐసుబావగారు స్వర్గంలో ఉన్నారు. పొద్దున్నే బనీనుతో మెట్ల మీద కూర్చుని, తీగ మీద ఆరేసిన బట్టలాగా ఎండ ఎటు జరిగితే అటు జరిగేవారు. మోకాళ్ళ నొప్పులు పోయాయన్నారు. వేళ్ళు వెచ్చబడ్డాయని భార్య చెంపకు ఆనించి మరీ చూపించారు. పెళ్ళయిన ఇన్నేళ్ళకు ఆవిడ చెంప ఉలిక్కిపడకుండా ఉండటం అదే మొదలు.

రెండో రోజే ఒక ప్రమాదం జరిగింది. నర్సమ్మ కంచె మీంచి తల పెట్టి, "గుడ్ మార్నింగ్, డార్లింగ్!" అంది. ఐసుబావగారు గభాలున లోపలికొచ్చి గడియ పెట్టారు.

"ఏమయింది?"

"పక్కావిడ... ఏదో అంది. నీతో చెప్పకుండా దాచకూడదని..."

"డార్లింగ్ అందా?"

"నీకెలా తెలుసు?"

"నన్నూ అంది. పాలబ్బాయినీ అంది. ఆవిడ పిల్లిని కూడా అంది. గడియ తీయండి, ఉక్కపోస్తోంది."

ఆయన మొహంలో ఊరటతోపాటు కాస్త నిరాశ కూడా కనిపించిందని ఆవిడ నేటికీ అంటుంది. ఆయన ఒప్పుకోరు.

ఇంగ్లీషే కదా అనుకున్న ఇంగ్లీషు మాత్రం ఆయనకు కొరుకుడు పడలేదు. అక్కడివాళ్ళు దాన్ని పాటలా పాడతారు, మాట చివర మింగేస్తారు. ఆయన మేకుల కోసం కొట్టుకు వెళ్ళి "నెయిల్స్" అంటే, గోళ్ళు కత్తిరించుకునే కత్తెర ఇచ్చారు. స్టాంపులమ్మకు వారం పట్టలేదు. మాట అర్థం కాకపోతే మొహం చూసేది. మొహమూ అర్థం కాకపోతే కౌంటర్లో లాగా, "నిదానంగా, మళ్ళీ ఒకసారి," అనేది. నెల తిరిగేసరికి వీధిలో సగంమంది ఆవిడ మెట్ల మీద కూర్చుని ఆఫీసు కాయితాలు నింపించుకుంటున్నారు.

మూడో వారంలో ఐసుబావగారి ఒళ్ళు తిరగబడింది. చలికి అలవాటుపడిన ఒళ్ళాయె. చెమట కాలువలు కట్టింది. వీపంతా చెమటకాయలు. రోజుకు నాలుగు చొక్కాలు మారేవి. పాదాలు వాచి చెప్పులు పట్టలేదు. అయినా మనిషి బయటపడలేదు. "ఎలా ఉంది?" అని భార్య అడిగితే, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, "హాయిగా ఉంది. నీకు హాయిగా లేదూ?" అని ఎదురడిగేవారు. ఇంటికి ఫోన్ చేసి కూతురితో, "స్వర్గమమ్మా," అనేవారు. చెమట ఫోన్లో కనిపించదు కదా. ఫ్యాను మాత్రం ఎప్పుడు వేశారో తెలియదు, ఇక ఆగలేదు.

ఆ తర్వాత ఆయన కొత్తగా ఒక అలవాటు చేసుకున్నారు. మధ్యాహ్నం భోజనం కాగానే, "అలా ఒడ్డున నడిచొస్తాను," అని గొడుగు తీసుకుని బయల్దేరేవారు. కాకి కూడా బయటికి రాని ఎండ. మూడు గంటలకు తిరిగొచ్చేవారు, చొక్కా పొడిగా, మొహం తేటగా. స్టాంపులమ్మ మూడు రోజులు చూసింది. నాలుగో రోజు ఆయన బుజం మీద చెయ్యి వేస్తే చల్లగా తగిలింది. చూరు కింద నిలబడ్డా మాడిపోయే ఎండలోంచి వచ్చిన మనిషి బుజం చల్లగా ఎలా ఉంటుంది?

మర్నాడు ఆవిడ కాస్త వెనకగా బయల్దేరింది. ఆయన ఒడ్డు వైపు వెళ్ళనే లేదు. సంత దాటి, పడవలు ఆగే రేవు దాటి, చేపలవాళ్ళ సంఘం వారి పాత షెడ్డు ముందు ఆగారు. గొడుగు మడిచి, అటూ ఇటూ చూసి, లోపలికి దూరారు. ఆవిడా వెళ్ళింది. ప్లాస్టిక్ పట్టీల తెర పక్కకు తప్పించి చూసి నోరు వెళ్ళబెట్టింది. అది చేపలు దాచే మంచు గది. ఐసుబావగారు ఎవరిదో వదులు కోటు వేసుకుని, ఒక గొట్టానికి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నారు. పసిపిల్ల దగ్గు వినే డాక్టరులా. పక్కన రబ్బరు బూట్ల పెద్దావిడ ఒకామె చేతులు కట్టుకుని ఆయన తీర్పు కోసం ఎదురుచూస్తోంది. ఆమె ఆ గదికి పెత్తందారు.

"ఏమండీ!"

ఆయన ఉలిక్కిపడి గొట్టం మీంచి చెవి ఊడబెరుక్కున్నారు.

"ఇదా మీ ఒడ్డు?"

"అది కాదే... ఆ రోజు ఇటుగా వెళ్తుంటే, తలుపు రబ్బరు చిరిగి ఉంది. చల్లదనమంతా వీధి పాలవుతోంది. చూస్తూ చూస్తూ ఎలా పోతాను? లోపలికి వచ్చి చెప్పాను."

"ఏమని చెప్పారు?"

ఆయన తల దించుకున్నారు. బూట్లావిడే గొంతు లావు చేసి అనుకరించి చూపించింది: "ద డోర్ షల్ రిమైన్ క్లోజ్డ్!" అని, కడుపు పట్టుకుని నవ్వింది.

స్టాంపులమ్మకూ నవ్వొచ్చింది. అంత నవ్వులోనూ ఆవిడ ఒకటి గమనించింది. రెండు నెలలుగా మెట్ల మీద జావగారి కూర్చున్న మనిషి, ఇక్కడ నిటారుగా ఉన్నాడు. ఆ మాట పైకి అంటే ఆయన ఉబ్బిపోతారని అనలేదు. "రేపటి నుంచి చెప్పి రండి. నేను వెంబడించలేను, ఎండ," అని మాత్రం అంది. ఇంటికెళ్ళి మొదట చేసిన పని తమ్ముడికి ఫోన్ చేయడం. అవతల బావమరిది అయిదు నిమిషాలపాటు పడీ పడీ నవ్వాడు.

వానల కాలం మొదట్లో ఒక తెల్లవారుజామున గాలివాన వచ్చింది. పొద్దున్నకల్లా తగ్గింది గానీ, కరెంటు స్తంభాలు వరసగా ఒరిగిపోయాయి. మర్నాటిదాకా కరెంటు రాదన్నారు. సంఘం వాళ్ళ జనరేటరు నీళ్ళలో నానుతోంది. మంచు గదిలో పదిహేను పడవల చేప ఉంది. వాన వెలిసీ వెలవకముందే చేపలవాళ్ళంతా గది ముందు మూగారు. ఎవరి బుట్టలు వాళ్ళు తీసుకుపోయి అమ్మినకాడికి అమ్ముకుంటామని గోల. ఐసుబావగారు తలుపుకు వీపు ఆనించి, చేతులు బార్లా చాపి నిలబడ్డారు.

"ద డోర్..." అని మొదలుపెట్టారు. ఎవరూ వినిపించుకోలేదు. ఒకడు ఆయన చంకలోంచి చెయ్యి దూర్చి గడియ పట్టుకున్నాడు.

స్టాంపులమ్మ చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, బురదలో నడుచుకుంటూ సరిగ్గా అప్పుడే చేరింది. "ఏమంటున్నారు మీరు? నాకు చెప్పండి ముందు," అంది తెలుగులో.

"తలుపు తెరవకపోతే లోపలి చలి రేపటిదాకా నిలుస్తుంది. ఒక్కసారి తెరిస్తే సాయంత్రానికి అంతా పోతుంది. తెరవకుండా ఉండటమే మందు. బయట గోడలకు తడి గోనెలు కట్టాలి. తలుపు సందుల్లో రంపపు పొట్టు కుక్కాలి. అంతే."

ఆవిడ ఒక చేపల పెట్టె బోర్లించి దాని మీదికెక్కింది. పండగ ముందు రోజు పోస్టాఫీసు రద్దీని అదుపు చేసిన గొంతు అది. "లైన్‌లో నిలబడండి!" అని ఇంగ్లీషులో ఒక్క అరుపు అరిచింది. జనం ఆశ్చర్యంతో ఆగారు. ఆగినవాళ్ళు అలవాటుగా ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. ఆవిడ ఒక్కొక్కరి పేరూ, బుట్టల సంఖ్యా కాయితం మీద రాసుకుని, రాసిన వాళ్ళకల్లా ఒక పని ఇచ్చింది. నువ్వు గోనెలు. నువ్వు వడ్రంగి కొట్టు నుంచి పొట్టు. నువ్వు నీళ్ళు. పేరు కాయితం మీద పడ్డాక మనిషికి తన చేప ఎక్కడికీ పోదన్న నమ్మకం వస్తుంది. గడియ పట్టుకున్నవాడు కూడా గోనెల కోసం పరుగెత్తాడు.

మధ్యాహ్నం నర్సమ్మ వచ్చి అందరికీ టీ పోసింది, అందరినీ డార్లింగ్ అంది. ఐసుబావగారు గంటకోసారి గోడ మీద అరచెయ్యి ఆనించి, "ఫర్వాలేదు," అని తల ఊపుతూ తిరిగారు. చెమట ధారగా కారుతోంది. తుడుచుకోవడం మర్చిపోయారు.

మర్నాడు పదకొండింటికి కరెంటు వచ్చింది. సాయంత్రం తలుపు తీశారు. తలుపు పక్క వరసలో మూడు బుట్టలు మెత్తబడ్డాయి, మిగతాదంతా రాయిలా ఉంది. ఆ మూడు బుట్టలాయన మాత్రం వారం రోజులపాటు ఐసుబావగారిని చూసి మొహం తిప్పుకున్నాడు. ఇందులో నా తప్పేముందని ఆయన ఇంట్లో రోజూ వాదించేవారు. "తలుపు పక్క ఎవరి బుట్ట పెట్టాలో ముందే ఆలోచించాల్సింది," అని భార్య రోజూ ఒక చిటికెడు ఉప్పు జల్లేది. చివరికి ఆ మనిషి కాయితమేదో నింపించుకోవడానికి మెట్ల దగ్గరికి రాక తప్పలేదు. స్టాంపులమ్మ అతని పని అయిదు నిమిషాల్లో ముగించగలిగీ గంటసేపు చేసింది. ఆ గంటా మగాళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చోవాల్సి వచ్చింది. ముందు వాన గురించి, తర్వాత మోకాళ్ళ గురించి మాట్లాడుకున్నారు.

సంఘం వాళ్ళు ఐసుబావగారిని ఉద్యోగంలో పెట్టుకుందామనుకున్నారు. రిటైరైనవాళ్ళ అనుమతి మీద వచ్చినవాళ్ళు ఉద్యోగం చేయకూడదని రూలు. అందుకని ఆయనకు షెడ్డు బయట నీడలో ఒక కుర్చీ వేశారు. కుర్చీలో కూర్చోవడం ఉద్యోగం కాదు కదా. లోపల ఏ గొట్టం మూలిగినా ఆయనే లేచి వెళ్తారు. మెచ్చుకోలు ఆయన ఒంటికి బాగానే పట్టింది. వారానికి ఎన్నిసార్లు గాలివాన కథ చెబుతారో స్టాంపులమ్మ లెక్కపెట్టడం మానేసింది. అందులో ఆవిడ ఎక్కిన పెట్టె రానురాను పొట్టిదైపోతోందట.

ఏడాది నిండింది. తిరుగు టపా సంగతి ఇద్దరూ ఎత్తలేదు. కూతురు, అల్లుడు సెలవులకు వచ్చి పదిరోజులున్నారు. వెళ్ళేటప్పుడు కూతురు తల్లిని పట్టుకుని కాసేపు ఏడ్చి, "పోనీలే, సెలవులకు మాకూ ఒక ఊరు దొరికింది," అని కళ్ళు తుడుచుకుంది.

ఇప్పుడు ఆయన కొత్త సరదా ఈత. మెడలోతు నీళ్ళంటే గుండె జారే మనిషికి, సాయంత్రం పూట నర్సమ్మ నేర్పుతోంది. పిల్లలు ఆడుకునే మోకాలి లోతు నీళ్ళలోనే ఆయన వెల్లకిలా పడుకుంటారు. వెనక నుంచి ఆవిడ బనీను పట్టుకుంటుంది. "లెట్ గో డార్లింగ్, లెట్ గో," అంటుంది, ఒళ్ళు వదులు చేయమని. ఆయనేమో తనను వదిలేస్తుందేమోనని, "నో, నో!" అని అరుస్తారు. స్టాంపులమ్మ ఒడ్డున చెప్పులు పక్కన పెట్టుకుని, ఆయన ఎంతసేపు తేలారో అంకెలు లెక్కపెడుతుంది. నిన్న ఆయన ఆరు దాకా తేలారు. ముక్కులోకి నీళ్ళు పోయి, దగ్గుతూ, కళ్ళు ఎర్రగా చేసుకుని లేచి, "ఎంత?" అని అడిగితే, ఆవిడ కళ్ళార్పకుండా, "తొమ్మిది," అంది.